ఇసక మలుపులో సైడిచ్చిన మనిషి

మంగళవారం పొద్దున్న కాఫీ ఇంకా చల్లారకముందే మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, నాన్నగారు వెళ్ళిపోయేరు" అన్నాడు.    "అమ్మ ఏం చేస్తోందిరా?" అన్నాను. "వచ్చినవాళ్ళందరినీ టిఫిన్ చేసేరా అని అడుగుతోంది" అన్నాడు.

ఈ మధ్య నాకొచ్చే ఫోన్లన్నీ ఇలాంటివే. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన పాపానికి పోయినవాళ్ళ గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టే పని మా వాళ్ళలో నా నెత్తి మీద పడింది. రాసి రాసి విసుగొచ్చింది. భూస్థాపనకి ముందు చర్చిలో చదవడానికి మా బావగారి గురించి కూడా ఒక కాగితం రాసిచ్చాను. "భక్తిపరులు, మృదుభాషి, అందరికీ ఆప్తులు" అని. అందరి గురించీ అదే రాస్తాను. కొందరి విషయంలో అది నిజం కూడా. మా బావగారి విషయంలో నిజమే గాని, చాలదు. చాలనిది ఇక్కడ రాస్తున్నాను. మీలో ఆయన్ని ఎరిగినవాళ్ళు తక్కువే ఉంటారు. ఎరగనివాళ్ళకి చెప్పడమే నయం. మధ్యలో అడ్డుపడి "అలా కాదండి, ఇలా జరిగిందండి" అని దిద్దరు.

మా బావగారు అమలాపురంలో టాక్సీ నడిపేవారు. పాత అంబాసిడరు, బండి ఆయనదే. ఇది డెబ్బైల మాట. అప్పటికి వైనతేయ పాయ మీద వంతెన లేదు. కారులో రాజోలు వైపు వెళ్ళాలంటే ఏటి ఇసకలోకి దింపి, కొబ్బరి మట్టలు పరిచిన దారి మీదుగా రేవు దాకా నడిపి, అక్కడ పంటు అనే బల్లకట్టు మీదికి ఎక్కించి దాటించాలి. మట్ట మీద నుంచి చక్రం జారిందంటే ఇరుసు దాకా దిగిపోయేది. అందుకని మా వైపు డ్రైవర్లకి రోడ్డు కంటే ఇసక బాగా తెలుసు. ఆ సంగతి వాళ్ళకి అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువే తెలుసు.

కారెక్కే ముందు ఆయన చెప్పులు విప్పి సీటు కింద పెట్టుకునేవారు. "కాలికి బండి తెలియాలమ్మా" అనేవారు. ఎక్కినవాడు ఎంత చిన్నవాడైనా "ఆయ్, కూర్చోండి" అని తలుపు తనే వేసేవారు. ఇవన్నీ చాలామంది చేస్తారు. ఆయన చేసే ఇంకొక పని మాత్రం ఆయనదే. వెనకనుంచి హారన్ వినపడితే చాలు, బండిని ఎడమకి తీసి, కుడిచెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, అరచెయ్యి తిప్పి ముందుకు ఊపేవారు. పెళ్ళివారిని భోజనానికి లేవదీసేటప్పుడు దయచెయ్యండి అంటాం చూడండి, అచ్చం అలాగ. లారీ అయినా అంతే, లూనా అయినా అంతే.

రోడ్డు మీద ఊరుకున్నా బాగుండేది. విందుల్లో పంక్తికి కూడా అలాగే సైడిచ్చేవారు. అందరూ కూర్చుని లేచాక ఈయన వంతు వచ్చేసరికి చారూ మజ్జిగా మిగిలేవి. "మీరు డ్రైవరా, గేటుకీపరా బావగారూ?" అని నేను ఏడిపించేదాన్ని. "వెనకాల వాడికి ఏం తొందరో మనకి తెలీదు కదమ్మా" అనేవారు. మా అక్క లోపలినుంచి, "మనకున్న తొందర మాత్రం వాళ్ళందరికీ తెలుసు కాబోలు" అనేది. నా నోరు పదునని అంటారు గాని, నాకు ఆ సాన పట్టింది మా అక్కే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒక వానాకాలం మధ్యాహ్నం, మా వీధిలోనే ఉండే ఒక పెద్దావిడ కోడలికి అంబాజీపేట దగ్గర పుట్టింట్లో నొప్పులొచ్చాయి. అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. బావగారు బండి తీసుకెళ్ళి ఆ పిల్లనీ, వాళ్ళమ్మనీ ఎక్కించుకుని అమలాపురం ఆసుపత్రికి బయలుదేరారు. కాలవ గట్టు రోడ్డు. ముందు కొబ్బరికాయల లారీ ఒకటి ఉంది. అది సైడివ్వలేదు. వానకి అద్దాలు ఎత్తుకుని పోతున్నాడో, పక్కకి తీస్తే కాలవలో పడతానని భయమో, అతనికే తెలియాలి. దాని వెనకే ఈడ్చుకుంటూ ఊళ్ళోకి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఆ రోజునుంచి మా వీధిలో ఒక మాట పుట్టింది. ఆ పెద్దావిడ నోట్లోంచే పుట్టింది. "ఆయనకి మొహమాటమమ్మా. హారన్ గట్టిగా కొడితే లారీవాడు ఏమనుకుంటాడో అని వెనకే కూర్చున్నాడు" అని. మా వైపు ఈ మాట ఇట్టే నమ్మేస్తారు. మొహమాటానికి రెండుసార్లు భోజనం చేసేవాళ్ళు, మొహమాటానికి మందు తాగినవాళ్ళు ఇంటికొకరు ఉన్న సీమ ఇది. పైగా మా బావగారి మొహమాటం ఊరందరికీ తెలుసు. "దారంతా కొడుతూనే ఉన్నానండి, తియ్యలేదండి" అని ఆయన చెప్పారు. రెండోసారి చెప్పలేదు. ఆ పిల్ల తల్లిని అడిగితే తేలిపోయేది. కాని ఆవిడ దారి పొడుగునా కూతురి కేకలే విన్నది. ఇంకేమీ వినలేదు.

దాంతో ఆపదలో ఆయన బండి పిలవడం మానేశారు. పెళ్ళిళ్ళకి పిలిచేవారు. తీరుబడిగా చుట్టాలింటికి వెళ్ళడానికి పిలిచేవారు. ప్రాణం మీదికొస్తే మాత్రం పక్కనున్న బండి ఎక్కేవారు. స్టాండులో ముందు వరసలో ఈయన బండి ఉన్నా, దాన్ని దాటుకుని వెనక బండి దగ్గరికి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. ఆయన దానికీ సైడిచ్చినట్టే కూర్చునేవారు.

మరుసటి ఏడు వేసవిలో పందెం వచ్చింది. రాజోలు డ్రైవర్లు గొప్పా, అమలాపురం డ్రైవర్లు గొప్పా అని పంటు రేవులో మొదలైన మాట పెరిగి పెరిగి, ఒక మోటారు షెడ్డాయన పూనికతో కార్ల పందెంగా తేలింది. ఏటి మధ్యన తేలిన ఇసక దిబ్బ మీద, కోలగా బాట గీసి, పది చుట్లు. గులాబీరంగు కరపత్రాలు పంచారు. "చరిత్రాత్మక కార్ల పందెం" అని పైన పెద్దక్షరాలు. ఒక్కసారీ జరగకముందే చరిత్ర ఎలా అయిందని నేను అడిగితే, ఇంకో కరపత్రం చేతిలో పెట్టారు.

ఆ బాట గురించి చెప్పాలి. గట్టు వైపు మలుపు బారుగా, గట్టిగా ఉండేది. ఏటి వైపు మలుపు మాత్రం ఉన్నట్టుండి ముడుచుకుపోయేది. ఎందుకంటే అక్కడ నీటి వారన ఒక ముసలమ్మ దోసపాదులు వేసింది. తీయమంటే తీయనంది. "మీ కార్లకి ఊరంతా రోడ్లున్నాయి బాబూ, నా పాదులకి ఇదొక్కటే ఉంది. ఇది తీసేస్తే నేనేం తినాలి, పెట్రోలా?" అంది. మర్యాదస్తులు కదా, పాదుల్ని వదిలి బాటనే నొక్కారు. కోల కాస్తా ఒకపక్క మొన తేలిన కోడిగుడ్డయింది. ఆ మొన దగ్గర ఇసక చెమ్మ. అక్కడ మట్టలు పరిచారు, ఒక్క కారు పట్టేంత వెడల్పున. రెండో కారుకి అక్కడ చోటు లేదు. ముందు రోజు తిప్పి చూసినప్పుడే రెండు బండ్లు దిగబడ్డాయి. స్టాండులో ఆ మలుపు పేరెత్తితే మీసాలున్నవాళ్ళు కూడా మాట మార్చేవారు.

బావగారికి పందెం ఇష్టం లేదు. మా అక్కే పట్టుబట్టి పేరు ఇప్పించింది. "మీరు గెలవాలి. కప్పు కోసం కాదు. ఆవిడ నోరు మూతపడాలి. తొందరపడాల్సినప్పుడు మా ఆయన తొందరపడగలడని ఒక్కసారి ఊరికి తెలియాలి" అంది. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఆయ్, అలాగే" అన్నారు. మా అక్క ఆయన్ని ఏదైనా గట్టిగా అడగడం అదే మొదలు.

ఆ రోజు ఇసక మీద జనం తిరునాళ్ళలా ఉన్నారు. సోడాబండ్లు, మైకు, గొడుగులు. మా వీధి పెద్దావిడ కూడా వచ్చింది, కాస్త అవతలగా నిలబడింది. మా అక్క ఆవిడకి కనపడేలా నిలబడింది. పందెం పాటు మీద మొదలెట్టాలని, అంటే ఏటి నీరు వెనక్కి తీసి ఇసక గట్టిగా ఉన్నప్పుడే అయిపోవాలని, డ్రైవర్లందరూ అనుకున్నారు. కాని జెండా ఊపాల్సిన పెద్దమనిషి రాలేదు. ఆయన కారు అవతలి ఒడ్డున ఇసకలో దిగబడిందట. ఆయన లేకుండా మొదలెడితే ఏమనుకుంటారోనని అందరూ ఆగారు. ఆయన వచ్చారు. దండలు వేశారు. మాట్లాడారు. ఆయన మాట్లాడుతుండగానే పోటు మొదలై, ఏటి మలుపు కింద నీరు ఊరడం నేను నిలబడ్డ చోటునుంచి కనపడుతూనే ఉంది. పోటు ఎక్కే వేళకి పందెం మొదలెట్టడం భూమ్మీద మావాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు.

చుట్లన్నీ చెప్పను. చెప్పడానికి నాకు ఓపిక లేదు, చూసినప్పుడు కూడా సగం దుమ్మే. ఒకాయన రేడియేటరు కాగి ఆగిపోయాడు. ఇద్దరు ఏటి మలుపులో మట్టలు తప్పి దిగబడ్డారు. ఒకాయన దాహం వేసి సోడాబండి దగ్గర ఆగి, మళ్ళీ బయలుదేరలేదు. బావగారు మాత్రం చెప్పులు విప్పిన కాళ్ళతో ఒకే తీరున పోతున్నారు. గట్టు వైపు అందరూ ఆయన్ని దాటిపోయేవారు. ఏటి వైపు అందరూ వెనకబడిపోయేవారు. "ఇసక మీద కోపం పనికిరాదమ్మా" అని ముందురోజు రాత్రి భోజనాల దగ్గర అన్నారు. ఆ మాట అర్థం అప్పుడు తెలిసింది.

ఆఖరి చుట్టుకి రెండే మిగిలాయి. ముందు మా బావగారు, వెనకాల రాజోలు నుంచి వచ్చిన ఒక కుర్ర డ్రైవరు. మైకులో మాట్లాడేవాడి గొంతు బొంగురుపోయింది. మా అక్క నా చెయ్యి పట్టుకుంది. గాజులు గుచ్చుకున్నాయి. ఏటి మలుపు వచ్చింది. బావగారి బండి మట్టల మీదికి ఎక్కింది. అది దాటితే ఇంక గట్టి ఇసక, గెలుపు.

అప్పుడు వెనక బండి హారన్ కొట్టింది.

బావగారి బండి ఎడమకి తిరిగింది. మట్టలు దిగింది. కుడి కిటికీలోంచి చెయ్యి బయటికొచ్చి, దయచెయ్యండి అన్నట్టు ఊగింది. కుర్రాడి బండి మట్టల మీదనుంచి దూసుకుపోయింది. మా బావగారి బండి చెమ్మ ఇసకలో నింపాదిగా దిగిపోయి, దోసపాదుకి బెత్తెడు ఇవతల ఆగింది.

జనం నవ్వారు.  ఏరు అవతలికి వినపడేలా నవ్వారు. మా అక్క నవ్వలేదు, ఏడవలేదు. నా చెయ్యి వదిలేసి, "ఇచ్చేసేరు" అంది. అంతే.

ముసలమ్మ ముందు పాదు చూసుకుంది, తర్వాత ఆయన్ని చూసింది, ఒక దోసకాయ తెంపి ఇచ్చింది. ఆయన దాన్ని కండువాతో తుడిచి పట్టుకుని మా వైపు నడిచి వచ్చారు. ఆ వెనకే కుర్ర డ్రైవరు కప్పు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఏడుపొక్కటే తక్కువ.

"అలవాటు కొద్దీ కొట్టేసేనండి. మలుపొస్తే చెయ్యి దానంతటదే హారన్ మీదకి పోద్దండి. మీరు ఇస్తారని కల్లో కూడా అనుకోలేదండి బాబాయిగారూ. ఈ కప్పు మీరే తీసుకోండి."

"నువ్వు హారన్ కొట్టేవు, నేను సైడిచ్చేను. ఎవరి పని వాళ్ళం చేసేం. ఇందులో గొడవేముంది?" అన్నారు బావగారు. "కప్పు ఇంటికి పట్టుకెళ్ళు. మీ అమ్మ చూసుకుంటుంది."

బండిని ఎడ్లతో లాగించి, సాయంత్రం అదే బండిలో ఇంటికొచ్చాం. మా అక్క వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చివరికి నేనే అడిగాను. "పందెంలో కూడా ఇస్తారా బావగారూ?"

"హారన్ కొట్టేడు కదమ్మా."

"అది పందెం హారన్ కదా."

"నిజమేనమ్మా. చెవికి తెలీలేదు" అన్నారు. కొంత దూరం పోయాక, మాతో కాకుండా ముందున్న అద్దంతో చెప్పుకున్నట్టు, "కొడుతుంటే తియ్యకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు" అన్నారు. మా అక్క కిటికీ వైపు నుంచి తిరిగింది.  ఆయన పక్కన పెట్టుకున్న దోసకాయ అందుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

ఊరు మాత్రం మర్చిపోలేదు. కొన్నేళ్ళపాటు ఆయన పేరు పోయి "సైడిచ్చినాయన" అయింది. బజారులో పిల్లలు ఆయన్ని చూసి నోటితో హారన్ కొట్టేవారు. ఆయన పక్కకి తప్పుకుని చెయ్యి ఊపేవారు. వాళ్ళకి అదొక ఆట, ఆయనకి కూడా.

మళ్ళీ వానలు పడ్డాక ఒకరోజు మధ్యాహ్నం మా అక్కా నేనూ వాకిట్లో బియ్యం ఏరుకుంటుంటే, ఆ పెద్దావిడ తడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"డ్రైవరుగారున్నారా అమ్మా?"

"ఉన్నారు. అయితే ఆయనకి మొహమాటం ఎక్కువండి. స్టాండులో వేరే బళ్ళు ఉన్నాయి" అంది మా అక్క, చేట దించకుండానే.

పెద్దావిడ ఆ దెబ్బ పడనిచ్చింది. "కోడలికి నొప్పులొచ్చేయమ్మా, మళ్ళీ పుట్టింట్లోనే" అంది. "ఆ రోజు కొట్టేనని ఆయన చెప్తే నేను నమ్మలేదు. మొన్న ఇసకలో చూసేను. గెలిచే పందెంలో హారన్ విని దిగబడిపోయిన మనిషి, కాన్పు పిల్లని ఎక్కించుకుని హారన్ కొట్టకుండా ఎలా కూర్చుంటాడు? నోరు జారేను. ఆయన్ని పంపించు తల్లీ, వేరే బండి ఎక్కనని కబురంపింది అది."

మా అక్క చేట కింద పెట్టింది. లోపలికి వెళ్ళి, "ఏవండీ, లేవండి" అని ఒక్క కేక వేసింది. ఆయన అప్పటికే చెప్పులు చేత్తో పట్టుకుని బండి దగ్గర ఉన్నారు. ఆ పూట కాలవ గట్టంతా హారన్ మోగించుకుంటూ వెళ్ళారని, దారిలో గేదెలు కూడా సైడిచ్చాయని తర్వాత చెప్పుకున్నారు. ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాత మా పేటలో పిల్లలు చాలామంది ఆ బండి వెనక సీటు మీదుగానే కడుపులో ఆసుపత్రికి వెళ్ళి, ఒళ్ళోకెక్కి తిరిగొచ్చారు. వాళ్ళలో కొందరు నా క్లాసులో కూర్చున్నారు. వాళ్ళకి లెక్కలు రాకపోవడానికి మాత్రం బావగారి బాధ్యత లేదు.

పందెం మళ్ళీ జరగలేదు. ఆ ఏడు వరదకి ఆ ఇసక దిబ్బే కొట్టుకుపోయింది. కరపత్రం మాట అలా నిజమైంది, చరిత్ర అయింది. రాజోలు కుర్రాడు మాత్రం మిగిలాడు. మొదట క్షమాపణ చెప్పడానికి వచ్చాడు, తర్వాత పండగకి వచ్చాడు, ఆ తర్వాత కారణం లేకుండా వచ్చాడు. ఆ కప్పు వాళ్ళింట్లో బీరువా మీద ఉందని, దాన్ని చూపించి ఎవరైనా పొగిడితే, "ఇది ఇచ్చింది, గెలిచింది కాదండి" అంటాడని వాళ్ళావిడ చెప్పింది.

ఎనభైలు దాటాక బావగారి మోకాళ్ళు అరిగాయి. బండి అమ్మేశారు. వంతెనలు వచ్చాయి. ఇసక తెలిసిన డ్రైవర్లతో ఎవరికీ పనిలేకపోయింది. చివరి రోజుల్లో ఆసుపత్రిలో డాక్టరు తన మంచం దగ్గరికి వస్తే, పక్క మంచం ఆయన్ని చూపించి "ముందు వారిని చూడండి" అన్నారట. ఆ పక్క మంచం ఆయన నిన్న నాకు బజారులో కనపడ్డాడు, అరటిపళ్ళు బేరమాడుతూ. నేను పలకరించకుండా వచ్చేశాను. అలిసిపోయాను.

బుధవారం భూస్థాపన. సమాధుల తోట ముమ్మిడివరం రోడ్డులో ఉంది. పెట్టె ఎక్కించిన చర్చి వాను ముందు, మేము వెనక ఆటోల్లో. వాను నేను నడుపుతానని రాజోలు డ్రైవరు పట్టుబట్టాడు. ఇప్పుడు ఆయనకీ జుట్టు తెల్లబడింది, మెట్లెక్కడానికి చెయ్యి అందించాలి. ఎక్కేముందు చెప్పులు విప్పి సీటు కింద పెట్టుకున్నాడు. మా అక్క అది చూసింది.

ఊరు దాటాక మా అందరి వెనకా హారన్ మోగింది. ఐసుపెట్టెలతో రొయ్యల వాను ఒకటి, తొందరలో ఉంది. మా అక్క కొడుకు ముందు ఆటోలోంచి తల బయటపెట్టి, "మనిషిని తీసుకెళ్తుంటే హారనేంటయ్యా" అని కేకేశాడు. హారన్ మళ్ళీ మోగింది.

ముందున్న వాను మెల్లగా ఎడమకి తీసింది. ఒక పక్క చక్రాలు గడ్డిలోకి దిగాయి. కుడి కిటికీలోంచి ఒక ముసలి చెయ్యి బయటికి వచ్చి, అరచెయ్యి తిప్పి, ముందుకు ఊగింది. ఆటోలు కూడా ఒకదాని వెనక ఒకటి ఎడమకి తీశాయి. నా పక్కన మా అక్క, పొద్దుటినుంచి కన్నీరు పెట్టని మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇచ్చేసేరు" అంది.

రొయ్యల వాను మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. దాని దుమ్ము కూడా సద్దుమణిగింది. మా వెనక రోడ్డు మీద ఇంకెవరూ లేరు. అయినా ముందు కిటికీలో ఆ చెయ్యి చాలాసేపు లోపలికి పోలేదు.